హాస్టల్ నియమాల సంగతి మెస్ లెక్కల దగ్గరే మొదలవుతుంది

పీజీ రెండో సంవత్సరం చదువుతూ ఈ ఏడాది హాస్టల్ కమిటీకి ఎన్నికైన మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు. అడ్మిషన్ నాడు సంతకం చేయించుకున్న నియమావళికి చట్టం దృష్టిలో ఎంత విలువ ఉంది? అమ్మాయిల హాస్టల్ గేటు రాత్రి ఎనిమిదికే మూసేసి, అబ్బాయిల హాస్టల్‌కు అసలు గేటు వేళే పెట్టకపోవడం సబబేనా? మెస్ బిల్లు నెలనెలా ఎందుకు పెరుగుతోందో ఎవరూ చెప్పకపోతే ఏం చేయాలి? సీటు లేకుండానే గదుల్లో ఉంటున్న నాన్ బోర్డర్ల గురించి నోరు విప్పితే తోటివారికి ద్రోహం చేసినట్టవుతుందా? ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూనే చాలాకాలం వార్డెన్‌గానూ, తరువాత చీఫ్ వార్డెన్‌గానూ పనిచేసినవాడిని కనుక ఈ నాలుగింటికీ వివరంగా జవాబు రాస్తున్నాను. మీరు అడిగిన వరుసలో కాకుండా మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. మెస్ లెక్క తేటగా ఉన్న హాస్టల్‌లో మిగిలిన నియమాలు అమలు చేయడం తేలికవుతుందని, లెక్క మసకబారిన చోట ఏ నియమమూ నిలవదని నేను గట్టిగా నమ్ముతాను.

మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలా మెస్‌లు డివైడింగ్ పద్ధతిలో నడుస్తాయి. బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, పాలు, గుడ్లు, చికెన్, గ్యాస్ మీద ఆ నెలలో అయిన ఖర్చంతా కూడి, అందరూ కలిసి భోజనం చేసిన దినాల మొత్తంతో భాగిస్తే రోజువారీ రేటు వస్తుంది. ఎవరు ఎన్ని రోజులు తిన్నారో ఆ రేటుతో గుణిస్తే వారి బిల్లు తేలుతుంది. పద్ధతి చాలా న్యాయమైనది, ఎందుకంటే ఇందులో లాభం తీసుకునే కాంట్రాక్టరు ఉండడు. అయితే ఆ న్యాయమంతా రెండు అంకెల మీద ఆధారపడి ఉంటుంది: పైన రాసే ఖర్చు నిజమైనదై ఉండాలి, కింద రాసే భోజన దినాలు పూర్తిగా లెక్కలోకి వచ్చి ఉండాలి.

ఒక ఊహాత్మక లెక్క వేసి చూపిస్తాను. నెల ఖర్చు 7,15,000 రూపాయలు, రిజిస్టరులో నమోదైన భోజన దినాలు 6,500 అనుకోండి. రోజుకు 110 రూపాయలు పడుతుంది. ఇప్పుడు అదే మెస్‌లో రిజిస్టరుకు ఎక్కని 40 మంది నెలకు ఇరవై రోజుల చొప్పున భోంచేస్తున్నారనుకోండి. అవి 800 భోజన దినాలు. వాటిని కూడా కలిపి ఉంటే రోజు రేటు సుమారు 98 రూపాయలే అయ్యేది. అంటే పేరు రాయించుకుని బిల్లు కట్టే ప్రతి విద్యార్థీ రోజుకు 12 రూపాయలు, నెలకు దాదాపు 360 రూపాయలు, తాను తినని అన్నానికి కడుతున్నట్టు. ఆ 360 రూపాయలు కొందరికి పెద్ద మొత్తం కాకపోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2024లో సంక్షేమ వసతిగృహాల్లోని కళాశాల విద్యార్థుల డైట్ ఛార్జీలను నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచింది. ఎన్నో ఏళ్ల డిమాండ్ తరువాత వచ్చిన ఆ పెంపు మొత్తం 600 రూపాయలు. దానిలో సగానికి మించిన సొమ్ము ఒక్క రిజిస్టరు సరిగా రాయకపోవడం వల్ల ఆవిరైపోతుందంటే, స్కాలర్‌షిప్పు మీదే ఆధారపడి చదివే పిల్లవాడికి దాని బరువు ఎంతో మీరే ఊహించగలరు.

కాబట్టి కమిటీ సభ్యులుగా మీరు చేయవలసిన మొదటి పని మెనూ మార్చడం కాదు. సాధారణంగా కొత్త కమిటీలన్నీ ఆదివారం బిర్యానీతో మొదలుపెట్టి, రెండో నెలలో వచ్చే బిల్లుతో తలపట్టుకుంటాయి. ముందు స్టోర్ రూమ్‌కు వెళ్లండి. ప్రతి ఉదయం వంటవారికి ఇచ్చే సరుకుల ఇండెంటు మీద మెస్ సెక్రటరీతో పాటు వంతులవారీగా మరొక విద్యార్థి సంతకం ఉండేలా చూడండి. నెలలో ఏదో ఒక రోజు, ముందుగా చెప్పకుండా, స్టాక్ రిజిస్టరులో ఉన్న బియ్యం బస్తాలకూ గదిలో ఉన్న బస్తాలకూ పొంతన ఉందో లేదో లెక్కపెట్టండి. కూరగాయల బిల్లును ఆ రోజు రైతు బజారులో బోర్డు మీద రాసిన ధరతో పోల్చి చూడండి. కొంత తేడా సహజం, రవాణా ఖర్చు ఉంటుంది, తరుగు ఉంటుంది. వారం వారం అదే తేడా ఒకే వైపు కనిపిస్తే అడగవలసిందే. 19 కిలోల వాణిజ్య సిలిండర్లు రోజుకు ఎన్ని ఖర్చవుతున్నాయో రాసి పెట్టండి, ఎందుకంటే వంటగదిలో దుబారా అన్నిటికంటే ముందు గ్యాస్‌లోనే బయటపడుతుంది. నెలాఖరున మొత్తం ఖర్చు, భోజన దినాలు, రోజు రేటు, బకాయిల జాబితా ఒకే కాగితం మీద రాసి భోజనశాల గోడకు అతికించండి. ఈ చివరి పని ఒక్కటి చేసినా హాస్టల్ వాతావరణం మారిపోవడం నేను చూశాను. బిల్లు పెరిగిన నెలలో కూడా గొడవ జరగలేదు, ఎందుకంటే ఎందుకు పెరిగిందో గోడ మీదే ఉంది.

మెస్ కట్ విషయంలో, అంటే ఊళ్లో లేని రోజులకు బిల్లు మినహాయించడంలో, మాత్రం విద్యార్థులే కఠినంగా ఉండాలి. ఊరికి వెళ్లేవారు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, కనీసం ఎన్ని రోజులు లేకపోతే కట్ ఇవ్వాలి అన్నది నియమావళిలో ఉంటుంది. దాన్ని స్నేహితుల కోసం సడలించడం మొదలుపెడితే వండిన అన్నం పారబోయవలసి వస్తుంది, ఆ ఖర్చు తిన్నవారి మీద పడుతుంది. సంక్రాంతికీ దసరాకూ ముందు వారంలో ఈ సమస్య తీవ్రంగా ఉంటుంది కనుక, సెలవుల ముందు రోజుల లెక్కను ప్రత్యేకంగా చూసుకోవాలి.

వంటగదిలో పనిచేసేవారి గురించి మీరు అడగలేదు గానీ, చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 ప్రకారం లాభం కోసం నడిపినా నడపకపోయినా హాస్టల్ మెస్ కూడా ఆహార వ్యాపారం కిందికే వస్తుంది, నమోదు ఉండాలి, శుభ్రత పాటించాలి. సాంబారులో పురుగు కనిపించగానే వంటవారి మీద కేకలు వేయడం మనకు అలవాటు. ఎగ్జాస్ట్ ఫ్యాను లేని వంటగదిలో, తెల్లవారుజామున నాలుగింటికి లేచి, చాలా చోట్ల ఔట్‌సోర్సింగ్ జీతానికి, వందల మందికి వండుతున్నవారు వాళ్లు. పప్పు ఏరే మనిషి లేడా, స్టోర్ రూమ్‌లో తేమ ఉందా, ట్యాంకు ఎప్పుడు కడిగారు అన్న ప్రశ్నలు వార్డెన్‌ను, ఇంజనీరింగ్ విభాగాన్ని అడగవలసినవి. కమిటీ సమావేశానికి పెద్ద వంటమనిషిని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడండి. ఏ సరుకు నాణ్యత పడిపోయిందో ఆయనకు తెలిసినంత మరెవరికీ తెలియదు.

ఇక నాన్ బోర్డర్ల విషయం. ఉస్మానియా మొదలుకొని మన పాత విశ్వవిద్యాలయాలన్నిటిలో ఈ మాట దశాబ్దాలుగా వినిపిస్తోంది. అందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. కోర్సు అయిపోయి గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుకుంటూ, నగరంలో అద్దె కట్టలేక జూనియర్ గదిలో చాప వేసుకుని పడుకునేవారు ఒక రకం. థీసిస్ సమర్పణ ఆలస్యమై, ఫెలోషిప్ ఆగిపోయి, వెళ్లడానికి చోటు లేనివారు మరో రకం. అడ్మిషన్ వచ్చినా సీట్లు చాలక హాస్టల్ దొరకనివారు ఇంకో రకం. నిజానికి వీరు విశ్వవిద్యాలయం బాకీ ఉన్న విద్యార్థులు. ఈ ముగ్గురికీ సంబంధం లేకుండా, చదువుతో పని లేక, గదిని పలుకుబడికి స్థావరంగా వాడుకునేవారు కొద్దిమంది ఉంటారు. మొదటి మూడు రకాలవారి పట్ల మనకున్న సానుభూతిని నాలుగో రకంవారు కవచంగా వాడుకుంటారు.

మీరు అడిగిన ద్రోహం ప్రశ్నకు నా జవాబు ఇది: పేరు చెప్పి ఒకరిని పట్టించడం కమిటీ పని కాదు, లెక్కను పూర్తి చేయడం కమిటీ పని. గెస్ట్ రిజిస్టరు పెట్టండి. భోజనం చేసే ప్రతివారూ, ఎవరైనా సరే, టోకెను కొనాలని జనరల్ బాడీలో తీర్మానం చేయించండి. ఇద్దరికి ఇచ్చిన గదిలో నలుగురు ఉంటే అది ఆ ఇద్దరి సమ్మతితోనేనా అన్నది ఒక కమిటీ సభ్యుడు విడిగా, మర్యాదగా అడిగి తెలుసుకోవాలి. కొత్తగా వచ్చిన పల్లెటూరి పిల్లవాడు సీనియర్‌కు ఎదురుచెప్పలేక తన మంచం వదిలి కింద పడుకున్న సందర్భాలు ఉంటాయి. అతను ఫిర్యాదు రాయడు, కాబట్టి మీరే వెళ్లి అడగాలి. సీటు రానివారి కోసం వేరుగా, సీట్ల సంఖ్య పెంచమని, ఖాళీ అయిన గదులను ఏ తేదీలోపు తిరిగి కేటాయిస్తారో ప్రకటించమని చీఫ్ వార్డెన్‌కు లిఖితపూర్వకంగా అడగండి. పోలీసులను పిలిచి ఒక రాత్రి తనిఖీ చేయిస్తే రెండు వారాలు హాస్టల్ ఖాళీగా కనిపిస్తుంది, మూడో వారానికి మళ్లీ నిండుతుంది. పరీక్షల ముందు అందరికీ భయం మాత్రం మిగులుతుంది.

గేటు వేళల గురించి చట్టం ఇప్పుడు స్పష్టంగానే ఉంది. ఉన్నత విద్యాసంస్థల్లో లైంగిక వేధింపుల నివారణకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) రూపొందించి 2016 మే నెలలో గెజెట్‌లో ప్రకటించిన 2015 నిబంధనలు, విద్యార్థినుల భద్రత పేరు చెప్పి అబ్బాయిలతో పోలిస్తే వివక్ష చూపే నియమాలను వారి హాస్టళ్లలో పెట్టరాదని చెబుతున్నాయి. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ముందుకు మరో రకమైన కేసు వచ్చింది. కోజికోడ్ జిల్లాలో ఒక కళాశాల హాస్టల్‌లో సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది వరకు మొబైల్ ఫోన్లు వాడకూడదన్న నియమాన్ని ఒప్పుకోనందుకు ఒక విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపేశారు. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ వ్యక్తిగత గోప్యతలోనూ భాగమని న్యాయస్థానం చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమంది. హాస్టల్ క్రమశిక్షణ అవసరాన్ని ఆ తీర్పు కాదనలేదు. నియమానికి ఒక సహేతుకమైన ప్రయోజనం ఉండాలని, యుక్తవయస్సు వచ్చిన విద్యార్థి స్వేచ్ఛను దానికి అవసరమైనంత మేరకే తగ్గించాలని దాని సారాంశంగా నేను అర్థం చేసుకున్నాను.

దీన్ని మీ హాస్టల్‌లో ఎలా సాధించాలంటే, ముందు గ్రంథాలయం ఎన్ని గంటల వరకు తెరిచి ఉంటుందో, ప్రయోగశాలల్లో పని ఎప్పటిదాకా సాగుతుందో రాయండి. రీడింగ్ రూమ్ అర్ధరాత్రి వరకు తెరిచి ఉంచి, అమ్మాయిలకు మాత్రం ఎనిమిదికి గేటు వేస్తే, ఆ గ్రంథాలయం సగం మంది విద్యార్థులకు లేనట్టే. ఆ ఒక్క వాక్యం ఏ పాలకమండలి ముందైనా నిలబడుతుంది. గేటు వేళ రెండు హాస్టళ్లకూ ఒకటే చేయమని, ఆలస్యంగా వచ్చేవారు పేరు, సమయం రాసి లోపలికి వెళ్లే రిజిస్టరు పెట్టమని, గ్రంథాలయం నుంచి హాస్టల్ దాకా వీధిదీపాలు, రాత్రి బస్సు ఏర్పాటు చేయమని కలిపి అడగండి. తల్లిదండ్రుల భయాన్ని తేలికగా తీసిపారేయవద్దు. వరంగల్ దగ్గరి పల్లె నుంచో శ్రీకాకుళం నుంచో కూతుర్ని మొదటిసారి దూరానికి పంపిన తండ్రికి గేటు వేళ ఒక భరోసా. దీపాలు, బస్సు, బాధ్యతగల సెక్యూరిటీ ఉన్నాయని ఆయనకు వివరించే సమావేశం సంవత్సరారంభంలో ఒకటి పెడితే, ఆ భరోసా తాళంకప్ప లేకుండానే దొరుకుతుంది.

హాస్టల్ నియమం మీద పాలకులు విద్యార్థులతో మాట్లాడకుండా పట్టుబడితే ఏమవుతుందో మన చరిత్రలోనే ఉంది. 1938లో ఉస్మానియా హాస్టల్ ప్రార్థన గదుల్లో విద్యార్థులు వందేమాతరం పాడడాన్ని అధికారులు నిషేధించారు. సమ్మె జరిగింది, వందల మందిని బహిష్కరించారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వారిలో చాలామందికి చోటిచ్చింది. తరువాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు కూడా ఆ ఉద్యమంలో పాల్గొని నాగపూర్ వెళ్లి చదువుకున్నవారే. ఒక ప్రార్థన గది నిబంధన సంస్థాన రాజకీయాల్లో ముఖ్య ఘట్టమైంది.

ర్యాగింగ్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో చర్చించడానికి ఏమీ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ప్రత్యేక చట్టం చేసింది. హేళనకూ అవమానానికీ ఆరు నెలల వరకు, మరణానికో ఆత్మహత్యకో కారణమైతే యావజ్జీవం లేదా పదేళ్ల వరకు జైలు శిక్ష అందులో ఉంది. ర్యాగింగ్ నివారణపై వేసిన రాఘవన్ కమిటీ సిఫారసుల తరువాత వచ్చిన యూజీసీ 2009 నిబంధనలు దేశమంతటా వర్తిస్తాయి. విద్యార్థి, తల్లిదండ్రులు ఏటా ఇచ్చే హామీపత్రం వాటిలో భాగమే. ఇంట్రో పేరుతో జూనియర్లను రాత్రి గదికి పిలిపించడం, వాట్సాప్ గ్రూపులో చేర్చి ఆజ్ఞలు ఇవ్వడం కూడా ర్యాగింగే. 1800-180-5522 నంబరును ప్రతి అంతస్తులో కనిపించేలా రాయించండి. జూనియర్లను కలుసుకోవాలన్న కోరిక నిజమైనదైతే, మొదటి వారంలో భోజనశాలలో, వార్డెన్ సమక్షంలో, అందరూ కలిసి ఒక పూట తినండి.

గదిలో హీటర్లు, ఇండక్షన్ స్టవ్‌లు వద్దన్న నియమాన్ని చాలామంది అధికారుల మొండితనం అనుకుంటారు. మామూలు ఆరు ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లకు మించి భరించదు. నీళ్లు కాచే రాడ్డు ఒక్కటే తరచూ వెయ్యి నుంచి 1,500 వాట్లు లాగుతుంది. పాత భవనంలో ఒకే లైనుపై ఉన్న నాలుగు గదుల్లో చలికాలం ఉదయం నాలుగు రాడ్లు వేస్తే వైరు వేడెక్కి ఇన్సులేషన్ కరుగుతుంది. నిషేధంతో పాటు అంతస్తుకు ఒక గీజరు, రాత్రి టీ పెట్టుకోవడానికి కామన్ రూమ్‌లో సరైన వైరింగ్ ఉన్న ఒక చోటు అడగండి. ప్రత్యామ్నాయం చూపించని నిషేధం మంచం కింద దాక్కుంటుంది.

గదిలో ఒంటరిగా ముడుచుకుపోయేవారిని గమనించడం కూడా సముదాయ జీవితంలో భాగమే. మెస్‌కు రావడం మానేసినవారు, ఇంటికి ఫోన్ చేయడం ఆపేసినవారు, ఫలితాల తరువాత గది తలుపు వేసుకున్నవారు ముందుగా తోటి విద్యార్థులకే కనిపిస్తారు. విశాఖపట్నంలో హాస్టల్‌లో ఉంటూ నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలరు ఉండాలని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలని, సహాయ నంబర్లు హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో రాసి ఉండాలని అందులో ఉంది. మానసిక ఆరోగ్య సహాయానికి ఉన్న టెలి మానస్ నంబరు 14416 తెలుగులోనూ పలుకుతుంది. మీ ప్రాంగణంలో కౌన్సెలరు ఉన్నారా, ఏ గంటల్లో ఉంటారు అని కమిటీ తరఫున రాసి అడగండి. ఎవరినైనా కౌన్సెలర్ దగ్గరికి తీసుకువెళ్లిన విషయం మాత్రం కమిటీ సమావేశాల్లో చర్చకు రాకూడదు.

ఇక మీ మొదటి ప్రశ్న. మీరు సంతకం చేసిన నియమావళికి కట్టుబడి ఉండవలసిందే. హాస్టల్ గది అద్దె ఇల్లు కాదు. కోర్సు జరిగినంత కాలం ఉండడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే, కోర్సు ముగియగానే ఖాళీ చేయవలసిన బాధ్యత ఉంది. అయితే ఆ సంతకం మీ రాజ్యాంగ హక్కులను విశ్వవిద్యాలయానికి రాసిచ్చిన పత్రం కాదు. యూజీసీ నిబంధనలకో చట్టానికో విరుద్ధమైన హాస్టల్ నియమం, మీరు ఒప్పుకున్నంత మాత్రాన చెల్లుబాటు కాదు. అలాగే హాస్టల్ నుంచి తొలగించేంతటి చర్య తీసుకోవాలంటే ఆరోపణ ఏమిటో లిఖితపూర్వకంగా తెలియజేసి, జవాబు ఇచ్చుకోవడానికి సమయం ఇచ్చి, ఆ జవాబును పరిశీలించి, కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి. రాత్రికి రాత్రి సామాను బయట పెట్టించిన ఉత్తర్వులు న్యాయస్థానాల్లో నిలవకపోవడానికి ఎక్కువగా ఈ క్రమం తప్పడమే కారణం. సంజాయిషీ అడిగే షోకాజ్ నోటీసు వస్తే కోపంతో చింపేయకుండా, గడువులోపు, తేదీ వేసి, నకలు ఉంచుకుని జవాబు ఇవ్వమని తోటివారికి చెప్పండి.

ఫిర్యాదు ఎప్పుడూ కింది మెట్టు నుంచే మొదలుపెట్టండి: కేర్‌టేకర్, వార్డెన్, చీఫ్ వార్డెన్. ప్రతి మెట్టులోనూ కాగితం మీద రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. అక్కడ తేలకపోతే యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి విశ్వవిద్యాలయంలో ఉండవలసిన విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి వెళ్లవచ్చు. ఆ కమిటీ సాధ్యమైనంత వరకు 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. దానితో తృప్తి కలగకపోతే 15 రోజుల్లోపు, విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారి అయిన అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. లైంగిక వేధింపులకు అంతర్గత ఫిర్యాదుల కమిటీ, కుల వివక్షకు సమాన అవకాశాల విభాగం, ర్యాగింగ్‌కు యాంటీ ర్యాగింగ్ కమిటీ వేరుగా ఉంటాయి కనుక ఆ ఫిర్యాదులను వార్డెన్ దగ్గర ఆపనివ్వకండి. మెస్ లెక్కలు చూపించడానికి ఎవరూ ఒప్పుకోకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో విశ్వవిద్యాలయ ప్రజా సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. గత పన్నెండు నెలల ఖర్చు పట్టిక, భోజన దినాల పట్టిక, సరుకుల కొనుగోలు బిల్లుల నకళ్లు అని విడివిడిగా అడగండి, ఎందుకు కావాలో రాయనవసరం లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ గడువు ముగిసిన తరువాత మరో 30 రోజుల్లోపు అదే విశ్వవిద్యాలయంలోని మొదటి అప్పీలు అధికారికి రాయాలి. ఆ తేదీని కమిటీ మినిట్స్ పుస్తకంలో ముందే నమోదు చేసుకోండి, ఎందుకంటే మధ్యలో సెమిస్టర్ పరీక్షలు వచ్చి గడువు దాటిపోవడం తరచూ జరుగుతుంది.